మొగుడు లేని ముత్తైదువ

రేడియేటర్‌లో మూడో చెంబు నీళ్లు పోసి, గౌరమ్మ చెవి దగ్గరగా పెట్టి వింది. నీళ్లు దిగేటప్పుడు లోపల గుటకలు వేసినట్టు చప్పుడు వస్తుంది. అది ఆగితే కడుపు నిండినట్టు. ఇవాళ మూడో చెంబుకీ ఆగలేదు. నాలుగోది పోసింది.

"ఏందే, పొద్దుపొద్దున గింత దూప? రాత్రి ఉప్పుచేప గిట్ల తిన్నవా?" అంటూ మూత బిగించింది.

ఫియట్ కారు ఏమీ అనలేదు. యాభై ఏళ్లుగా వాళ్ల సంసారం ఇంతే. ఇద్దరి మాటలూ గౌరమ్మే మాట్లాడుతుంది. అలిగే పని మాత్రం కారుది.

మహారాష్ట్ర అంచున ఉన్న బల్లార్పూర్ బజారు వెనక సందులో, రేకుల షెడ్డు కింద ఉంటుంది ఆ కారు. దాని అసలు రంగేమిటో సందులో ఏ ఇద్దరూ ఒప్పుకోరు. బూడిద రంగని కొందరు, పావురం రంగని కొందరు. గౌరమ్మను అడిగితే "కడిగిన రంగు" అంటుంది. రోజూ పాత చీర ముక్కతో కడుగుతుంది మరి. అద్దాలకు మాత్రం పాత మరాఠీ పేపరు వాడుతుంది. అందులో ఏం రాశారో ఆమెకు రాదు, తుడవడానికి మెత్తగా ఉంటే చాలు. హారన్ పలకక పదేళ్లయింది. ఎదురుగా ఎవరైనా అడ్డం వస్తే గౌరమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి తలుపు మీద దబదబా కొడుతుంది. ఆ చప్పుడు బజారులో పశువులకు కూడా తెలుసు.

ఆమెకు డెబ్బై మూడేళ్లు. పొట్టి మనిషి. స్టీరింగ్ పైనుంచి రోడ్డు కనబడాలంటే కింద రెండు దిండ్లు ఉండాలి. ముఖమంతా ముడతలు పడ్డా చేతులు మాత్రం వయసును పట్టించుకోలేదు. సన్నటి పొడుగాటి వేళ్లు, మెత్తటి అరచేతులు. మణికట్లు బోసిగా ఉంటాయి. గాజులమ్మే మనిషి చేతికి ఒక్క గాజు ఉండదు.

ఆమె గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు, ముందే చెబుతున్నాను. పేపర్లో పేరు పడలేదు, నాగపూర్ దాటి వెళ్లలేదు, పిల్లలు లేరు. బజారులో ఆరడుగుల గాజుల దుకాణం, ఇంటి ముందు ఈ కారు. అంతే. కానీ ఆ కారు ముందు సీటు చూస్తే మాత్రం ఎవరైనా ఆగి అడుగుతారు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, వంగపండు రంగు, ఎన్ని రంగుల జాకెట్ ముక్కలుంటాయో అన్నీ అతికించి కుట్టిన బొంత ఉంటుంది దాని మీద. అవి గౌరమ్మవి కావు, కారువి. పెళ్లిళ్లలో దానికి బొట్టు పెట్టి ఇచ్చినవి.

ఎందుకిచ్చారో చెప్పాలంటే రాజన్న దగ్గరికి వెళ్లాలి.

రాజన్న గౌరమ్మ భర్త. ఫిరోజాబాద్ నుంచి రైల్లో వచ్చిన గాజుల పెట్టెలు ఎడ్లబండి మీద విసాపూర్, బామ్ని, జివతి గుట్టల దాకా వెళ్లేసరికి సగం పగిలిపోయేవి. అది చూడలేక, బదిలీ మీద వెళ్లిపోతున్న ఒక పేపర్ మిల్లు ఆఫీసరు దగ్గర ఈ ఫియట్ కొన్నాడు. మెత్తటి సీట్ల మీద గాజులు రాణుల్లా కూర్చుని పోతాయన్నాడు. అన్నట్టే పోయాయి. ఒకటే చిక్కు. రాజన్నకు కారు ముందుకు నడపడం వచ్చింది కానీ వెనక్కి నడపడం జన్మలో రాలేదు. మెడ తిప్పితే చెయ్యి కూడా తిరిగేది. రెండు గోడలు, ఒక చాయ్ బండి కూల్చాక, పక్క సీట్లో కూర్చున్న గౌరమ్మ "జరుగు" అంది. నలభై అడుగుల సందు, అటో చెయ్యి ఇటో చెయ్యి ఖాళీ. గీత గీసినట్టు బయటికి తెచ్చింది. అప్పటికామెకు ఇరవై మూడేళ్లు.

ఆ రోజు నుంచి బజారంతా "ముందుకు రాజన్న, ఎనుకకు గౌరమ్మ" అని నవ్వేవాళ్లు. సందు చివర కారాగేది, ఇద్దరూ దిగి అటువాళ్లిటు మారేవాళ్లు. కొన్నేళ్లకు రాజన్న మారడం మానేశాడు. పక్క సీట్లోనే హాయిగా ఉందన్నాడు. కారును కడిగేది ఆమె, తిట్టేది ఆమె, దానికి జ్వరమొస్తే నిద్రపోనిది ఆమె. "గౌరమ్మకు ఇంట్ల సవతి లేదు గని, షెడ్డుల ఉన్నది" అని వాడకట్టు ఆడవాళ్లు వేళాకోళం చేస్తే, "సవతి కాదు, నా బిడ్డ" అనేది.

ఇరవై ఏడేళ్ల కింద రాజన్న పోయాడు. నెల తిరగక ముందే విసాపూర్‌లో మల్లమ్మ కూతురు వైశాలి పెళ్లి వచ్చింది. మల్లమ్మ గౌరమ్మకన్నా నాలుగేళ్లు పెద్ద. చిన్నప్పటి స్నేహం. పెళ్లికూతురికి పసుపు రాసేముందు పచ్చగాజులు తొడగాలి. అప్పటిదాకా ఆ పని గౌరమ్మదే. తొడిగే చెయ్యి ముత్తైదువది కావాలి. గౌరమ్మకది తెలుసు. అయినా మాటిచ్చిన గాజులు కనుక కారేసుకుని వెళ్లింది. వాకిట్లో ఆపి, దిగకుండా కూర్చుంది. మల్లమ్మ ఎదురొచ్చింది, ఆమె బోసి చేతులు చూసింది, నోరు తెరిచి మాట రాక నిలబడిపోయింది.

ఆ మౌనం గౌరమ్మ గుండెలో గుచ్చుకుంది. అంతలోనే తలెత్తి, "భయపడకక్కా. గాజులు నేను ఇస్తలేను, నా బండి ఇస్తంది" అంది.

"బండా?"

"మరి? దానికి మొగుడే లేడు, ఇగ పోయేటోడెవడు? అది జన్మంత ముత్తైదువే."

వాకిట్లో ఉన్న ఆడవాళ్లు ముందు తెల్లబోయి తర్వాత పడీపడీ నవ్వారు. మల్లమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. గౌరమ్మ పచ్చగాజులను స్టీరింగ్ పక్కనున్న గేరు కడ్డీకి తగిలించి దిగిపోయింది. వైశాలి డ్రైవరు సీట్లో కూర్చుని, కడ్డీ నుంచి గాజులు తీసి తనే తొడుక్కుంది. బానెట్‌కు పసుపు కుంకుమ పెట్టారు. సీటు మీద జాకెట్ ముక్క పెట్టారు. అదే మొదలు.

అప్పటి నుంచి చుట్టుపక్కల తెలుగు ఇళ్లల్లో అది ఆచారమైపోయింది. పెళ్లికూతురు కారెక్కి గాజులు అందుకోవడం, కారుకు బొట్టు పెట్టడం, కారుకు బట్టలు పెట్టడం. కొత్త కోడళ్లు అది తాతల నాటి పద్ధతనే అనుకుంటారు. తొడగడం చేతకాని పిల్లలు తలా రెండు మూడు గాజులు పగలగొట్టేవాళ్లు. గౌరమ్మ దూరంగా నిలబడి, పగిలినన్నిటికీ ఇంకో గాజు కొసరు కలిపి ఇచ్చేది. ఆమె వేళ్లు కొంగులో మెలికలు తిరిగేవి. ఇరవై ఏడేళ్లలో ఒక్క పెళ్లికూతురి చెయ్యి ఆమె పట్టుకోలేదు.

ఇవాళ మల్లమ్మ మనవరాలి వంతు. వైశాలి కూతురు అక్షిత. పొద్దున పదింటికి పసుపు. కారు సంగతి చూస్తే నెలరోజులుగా బాగాలేదు. పొగ, వేడి, ఎక్కడో లోపల గరగర. మెకానిక్ భీమయ్య ఒకటికి పదిసార్లు చెప్పాడు. గౌరమ్మకు వినబడనట్టే ఉంది కానీ ఆ గరగర విన్న ప్రతిసారీ ఆమెకొకటే గుబులు. ఇది ఆగిపోతే తనను వాకిట్లోకి ఎవరు పిలుస్తారు? కారు లేని గౌరమ్మ చేతి గాజు ఏ పెళ్లికూతురు వేసుకుంటుంది?

"ఇయ్యాల ఒక్కరోజు తల్లీ," అంది చోక్ లాగుతూ. "వైశాలి నీ గాజులే వేసుకున్నది. దాని బిడ్డకు గూడ నువ్వే ఇయ్యాలె."

ఫియట్ రెండుసార్లు దగ్గి మూడోసారికి అందుకుంది. గౌరమ్మ మెడ వెనక్కి తిప్పి, సందులోంచి గీత గీసినట్టు బయటికి తెచ్చింది.

ఊరు దాటే దాకా బాగానే నడిచింది. వెదుళ్ల లారీలు, బొగ్గు లారీలు దుమ్ము రేపుకుంటూ పోతున్నాయి. మార్చి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. రోడ్డు పక్క మోదుగులు విరగబూశాయి. గౌరమ్మకు ప్రాణం లేచొచ్చింది. తలుపు మీద దరువు వేస్తూ పెళ్లిపాట అందుకోబోయింది. విసాపూర్ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా, ముందు నుంచి ఇనుము విరిగినట్టు ఒక్క చప్పుడు వచ్చింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. కారు తన బరువుకు తానే దొర్లి, ఒక మోదుగు చెట్టు పక్కన ఆగింది.

గౌరమ్మ తాళం తిప్పింది. మళ్లీ తిప్పింది. టిక్కుమని కూడా అనలేదు.

ఫోన్ చేసిన పావుగంటకు భీమయ్య స్కూటర్ మీద వచ్చాడు. రాజన్న దోస్తు, అరవై దాటినవాడు, నోరు మూయడం తెలియని మనిషి. బానెట్ ఎత్తి లోపలికి చూసి నోరు మూసుకున్నాడు. అది చూసే గౌరమ్మకు సగం అర్థమైంది.

"ఏమైంది?"

"చూస్త వదినె. నువ్వైతే స్కూటరెక్కు, పసుపు టైమైతుంది."

"బండి లేంది నేను పోయి ఏం చెయ్యాలె?"

"గాజులు ఇచ్చి రావాలె. పోరి కూసొని ఉంటది."

"నా చేతితోటా?" అంది గౌరమ్మ. ఆ గొంతు భీమయ్య ఎప్పుడూ వినలేదు. గాజుల పెట్టె వైపు చూసింది, రోడ్డు వైపు చూసింది. మాటిచ్చిన గాజులు. గడప బయటే ఉండి, పెట్టె ఎవరి చేతికైనా అందించి వచ్చేయొచ్చు అనుకుని లేచింది. "టాక్టర్ తెప్పిస్తవు గద?"

"నాలుగింటికి తెప్పిస్త. నా షెడ్డుకు గుంజుకపోదాం."

"నేనొచ్చేదాక కదిలియ్యకు. స్టీరింగ్ మీద నేనే కూసుంట. పరాయోళ్లు కూసుంటే అది బెదురుతది."

"సరే తియ్యి."

ఒడిలో గాజుల పెట్టెతో, ఒక పక్కకు కూర్చుని, ప్రతి గుంతకూ భీమయ్యను తిడుతూ ఆమె విసాపూర్ చేరింది. యాభై ఏళ్లలో గాజులు ఇలా ఎగిరెగిరి పడుతూ వెళ్లడం ఇదే మొదటిసారి. ఆమె చెవులు రెండూ పెట్టెలోనే ఉన్నాయి. దించగానే భీమయ్య స్కూటర్ తిప్పుకుని కారు దగ్గరికి వెళ్లిపోయాడు.

మల్లమ్మ ఇంటి ముందు మామిడాకుల పందిరి. లోపల మైకులో ఎవరో మరాఠీ పాట పెట్టారు. గౌరమ్మ గడప ఇవతలే నిలబడింది. పీట మీద అక్షిత కూర్చుని ఉంది. చుట్టూ ఇరవై మంది ఆడవాళ్లు. అందరూ ఆమె వెనక్కి చూశారు, కారు కోసం. పాట ఆగింది. మల్లమ్మ చేతికర్ర పట్టుకుని ముందుకొచ్చింది, గౌరమ్మ బోసి చేతులు చూసింది, ఏమీ అనలేదు.

అదే మౌనం.

"బండి ఆగిపోయిందక్కా, తొవ్వల," అంది తలొంచుకుని. "పెట్టె ఇచ్చి పోదామని ఒచ్చిన. వైశాలి తొడుగుతది. నేను లోపటికి రాను."

"అగ ఆజీ, ఏంది నువ్వు!" అమ్మమ్మలను పిలిచే మరాఠీ మాటతో పిలుస్తూ, అక్షిత పీట మీద నుంచే రెండు చేతులూ చాపింది. "లవకర్ దా, జల్ది. గిక్కడ అందరు పసుపు పట్టుకొని ఆగిండ్రు. నాకు సొంతంగ తొడుక్కునుడు రాదు, చెప్తున్న. మా అమ్మ ఐదు పలగ్గొట్టుకున్నదంట."

గౌరమ్మ కదల్లేదు. మల్లమ్మ వైపు చూసింది. మల్లమ్మ కర్ర గోడకు ఆనించి, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఇరవై ఏడేండ్ల సంది ఒక మాట నోట్లనే ఉన్నది, గౌరీ. అప్పుడు నువ్వు వాకిట్ల ఆగినప్పుడు నీ చేతులు చూసిన. రాజన్న లేడు, గీ చేతులకు గాజుల్లేవు అనిపించింది నాకు. ఏడుపొచ్చి మాట రాలె. అంతల నువ్వే అంటివి, బండి ఇస్తదని. నీకు గట్లయితెనే మనసుకు మంచిగున్నదేమో అనుకున్న. ఎందుకు కాదనాలె?"

గౌరమ్మ, మల్లమ్మ పట్టుకున్న తన చేతుల వైపు చూసింది.

"నువ్వు వద్దనలేదా?"

"నేనెందుకు వద్దంట? పట్టింపు ఉన్నోళ్లు ఉంటరు, ఊరందరి సంగతి నాకెట్ల తెలుస్తది? నా సంగతి చెప్తున్న. నా బిడ్డకు నువ్వే తొడగాలని ఉండె."

ఇక్కడ గౌరమ్మ ఏడుస్తుందని ఆ ఆడవాళ్లంతా అనుకున్నారు. ఒకామె చెంగు కూడా తీసింది. గౌరమ్మకు ఏడుపు రాలేదు, మహా కోపం వచ్చింది.

"ఇరవై ఏడేండ్లా! నోరు లేదా నీకు? పండుగకు పిలుస్తవు, పప్పు పెడ్తవు, పొద్దంత ముచ్చట పెడ్తవు. గీ ఒక్క మాట చెప్పరాలేదా? ఎన్ని గాజులు పలిగినయో ఎరుకేనా? ఒక్కొక్క పోరి తొడుక్కుంటుంటే నా చేతులు ఎట్ల కొట్టుకున్నయో ఎరుకేనా?"

"నువ్వడిగినవా?" అంది మల్లమ్మ కూడా గొంతు పెంచి.

"ఎట్ల అడుగుత?"

"మరి నేనెట్ల చెప్త?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు. పందిరి కింద నవ్వు పిల్లల దాకా పాకింది. గౌరమ్మ కళ్లు తుడుచుకుంటూ గడప దాటింది. "గీ మాట బండి కాడ అనకుండ్రి, అలుగుతది" అని అందరినీ హెచ్చరించి పీట ముందు కూలబడింది.

అక్షిత చెయ్యి తీసుకుంది. ఒక్క చూపు చాలు, రెండు నాలుగు సైజు. తల్లి చెయ్యే, బొటనవేలి కింద ఎముక కొంచెం ఎత్తు. సబ్బు తెస్తామన్నారెవరో. చేతకానివాళ్లకు సబ్బు, అంది గౌరమ్మ. అరచేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని పిండి పిసికినట్టు మెల్లగా పిసికింది. వేళ్లు దగ్గరికి చేర్చింది, బొటనవేలు లోపలికి మడిచింది. వేళ్లు దేన్నీ మరిచిపోలేదు. మొదటి పచ్చగాజు ఎముక మీద ఒక్క క్షణం ఆగి, జారి, మణికట్టు మీద పడింది. దాని వెనకే రెండోది. గౌరమ్మకు ఒళ్లు ఝల్లుమంది. ఇంత సంతోషం ఇన్నేళ్లు ఎక్కడుందో ఆమెకే అర్థం కాలేదు. రెండు చేతులకూ ఇరవై నాలుగు తొడిగింది, మీద కొసరొకటి. ఒక్కటీ పగల్లేదు.

"నొప్పైందా?"

"అసల్ తెల్వనే లేదు ఆజీ!" అక్షిత చేతులెత్తి గలగలలాడించింది.

పసుపు మొదలైంది. గౌరమ్మ లేవబోతే వైశాలి ముందు కూర్చుని చేతులు చాపింది. "నాకు బాకీ ఉన్నవు పిన్నీ. నా పెండ్లికి తొడగలె." వైశాలి తర్వాత ఆమె ఆడబిడ్డ, ఆ తర్వాత వరస. నలభై దాటిన ఆడవాళ్లు, ఒకప్పుడు ఆ గేరు కడ్డీ నుంచి గాజులు తీసుకున్నవాళ్లు, ఎర్రవి, పచ్చవి, చుక్కలవి ఏరుకుని బారులు తీరి కూర్చున్నారు. ఎవరి చెయ్యి పట్టుకుంటే వాళ్ల తల్లి ఎవరో, అమ్మమ్మ ఎవరో గౌరమ్మ చెప్పేస్తోంది. ఎవరి గాజులు ఎందుకు పగిలాయో కూడా చెప్పేస్తోంది. నవ్వులే నవ్వులు. అన్నం అక్కడికే తెచ్చి పెట్టారు. ఎడమచేత్తో ఒకరి మణికట్టు పట్టుకునే కుడిచేత్తో తినింది. పెట్టె ఖాళీ అయి, అడుగున కాగితం కనబడ్డాక తలెత్తింది.

ఎండ పందిరి దాటి గోడెక్కింది. గోడ మీద గడియారం అయిదున్నర చూపిస్తోంది.

"అయ్యో," అంది గౌరమ్మ. "నా బండి!"

తన జీవితంలో మొదటిసారి ఆమె కారును మరిచిపోయింది.

ఆటోలో ఆ మోదుగు చెట్టు దగ్గరికి వచ్చేసరికి రోడ్డు ఖాళీగా ఉంది. భీమయ్య ఒక్కడే స్కూటర్ మీద కూర్చుని ఉన్నాడు. ఆటో వెళ్లిపోయాక గౌరమ్మ దిగినచోటే నిలబడింది.

"ఏది?"

"పోయింది వదినె. టాక్టరోనికి ఇంకో పనుండె, ఆగలె." తల గీరుకున్నాడు. "ఇంజిన్ పట్టేసింది. పొద్దుగాలనే ఎరుకైంది నాకు. ఇగ లేవదది."

గౌరమ్మ ఖాళీ పెట్టెను ఇంకో చంకకు మార్చుకుంది. తర్వాత, "నన్నెందుకు పిలవలే?" అంది మెల్లగా.

"దర్వాజ కాడికి రెండుసార్లు ఒచ్చిన. నువ్వు ఎవలదో చెయ్యి పట్టుకొని నవ్వుతున్నవు. అన్న పోయినంక గట్ల నవ్వంగ నేను చూడలె. ఎట్ల పిలుస్త చెప్పు?"

"ఎవరు కూసున్నరు స్టీరింగ్ మీద?"

"నేనే."

"బెదిరిందా?"

"లేదు. మంచిగ పోయింది. ఒక్క గుంతల గూడ సప్పుడు చెయ్యలె."

గౌరమ్మ తలాడించింది. ఒక్కసారి ముక్కు చీది చెంగుతో తుడుచుకుంది. "దాని అద్దాలు, తలుపులు గట్టియి. చంద్రపూర్‌ల ఎవనికన్న ఫియట్ ఉంటే ఇచ్చెయ్యి, పనికొస్తయి. పైసలడగకు" అంది. స్కూటర్ ఎక్కి ఖాళీ పెట్టె ఒడిలో పెట్టుకుంది. "రేపు పెండ్లికి గూడ రమ్మన్నరు. పొద్దుగాల ఎనిమిదింటికి రా. పోరగాండ్ల చేతులకు దుకాణంల చిన్న సైజులు తీస్కపోవాలె."

"నేనేమన్న డ్రైవర్‌నా?"

"మరెవరు? నాకు స్కూటర్ రాదు. అయినా నేర్పిస్తే నేర్చుకుంట."

భీమయ్య నవ్వుతూ కిక్కు కొట్టాడు. స్కూటర్ బల్లార్పూర్ వైపు తిరిగి, వెదుళ్ల లారీ వెనక దుమ్ములో కలిసింది. గౌరమ్మ ఏదో గట్టిగా తిడుతున్నది కొంతదూరం దాకా వినబడింది.

మోదుగు చెట్టు కింద ఎండుగడ్డి రెండు చారలుగా నలిగి ఉంది. ఆ చారల పక్కన, ట్రాక్టరు లాగినప్పుడు ఊడిపోయిన చక్రం మూత ఒకటి వెల్లకిలా పడి, ఎండ తిరిగిపోయినా ఇంకా వెచ్చగా ఉంది.